సున్నపుబట్టీ గేటు దగ్గర బండికి నేను చేసిన బోధ

ఎదురుగా వచ్చే బండి నిన్ను చూసి ఆగుతుందని నీకు మాట ఇచ్చినవాడెవడు? పేరు చెప్పు. గట్టు మీద కట్టుకున్న ఈ పట్నంలో పదిమందిని నిలబెట్టి ఇదే మాట అడిగితే ఏడుగురు నా పేరే చెబుతారు. అందుకే ఈ కాగితాలు ట్రామ్ స్తంభాలన్నిటికీ అంటిస్తున్నాను.

నా పేరు గుమ్మడి దైవసహాయం. పడవలకు తారు పూయడం నా పని. బడికి వెళ్ళలేదు. పరిశుద్ధ గ్రంథం చదవాలన్న పంతంతో ముప్పయ్యో ఏట అక్షరాలు కూడబలుక్కున్నాను. అప్పటినుంచి రోజూ నాలుగు ముక్కలు రాసుకుంటున్నాను. కింద ఉన్నవి నా పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే. కొన్నిచోట్ల దిద్దాలని చెయ్యి లాగింది. దిద్దలేదు.

జనవరి 9, శుక్రవారం

తెల్లవారేసరికి సముద్రపు నీళ్ళు తోడే గట్టు పంపు ఆగిపోయింది. గడపలోకి ఉప్పునీళ్ళు. బకెట్టుతో ఎత్తిపోసి, మంచినీళ్ళ వరసలో నిలబడి, ఎనిమిదింటికి సున్నపుబట్టీ గేటు చేరాను. పేరుకే గేటు, అడ్డకర్ర లేదు. ట్రామ్ బండ్లకు నడిపేవాళ్ళను తీసేసినప్పుడే అడ్డకర్రలూ పీకేశారు. బండే చూసుకుంటుంది, బండే ఆగుతుంది.

గంటసేపు దేవుడి వాక్యం చెప్పాను. వినే నాథుడు లేడు. అందరి చెవుల్లోనూ బిళ్ళలు, ఎవరి పాట వాళ్ళది. మాట్లాడుతూనే వెనక్కి నడిచి, చూసుకోకుండా పట్టాల మీదికి వెళ్ళాను. మూడో నంబరు బండి వస్తోంది. నన్ను చూసి ఆగింది. బండి ఆగితే జనం ఆగారు, చెవుల్లో బిళ్ళలు తీసి నావైపు చూశారు!

ఆ బండి వెనక మెట్టు మీద గంట కొట్టేది మా మార్తమ్మ, పోయిన నా భార్యకు చెల్లెలు. ఈ బండ్లు చప్పుడు చెయ్యవు కాబట్టి బండికొక గంటమ్మను పెట్టారు. తల బయటికి పెట్టి అరిచింది.

"ఏంది బావా! నలుగుర్నీ దేవుడి దగ్గరికి పిలవమంటే నువ్వే ముందు పోతావా? పక్కకి రా!"

జనం ఘొల్లున నవ్వారు. నాకు మాత్రం ఆ క్షణంలోనే ప్రసంగం దొరికింది. గ్రంథంలో ఒకచోట దారికి అడ్డంగా దేవదూత నిలబడితే ప్రవక్తకు కనబడలేదు, ఆయన ఎక్కిన గాడిదకు కనబడింది. గాడిద ఆగింది. ఇదిగో బండి ఆగింది. పాపం చేస్తూ పరుగెత్తే మనిషీ, నువ్వు ఆగవా? అన్నాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

తరవాత లెక్క చూశాను. నాకూ బండికీ మధ్య అరవై అడుగులు.

జనవరి 30, శుక్రవారం

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఇదే పని. చేతులు రెండూ చాపి పట్టాల మధ్య నిలబడతాను. బండి ఆగుతుంది. ఆగినంతసేపూ వాక్యం. అది మళ్ళీ కదిలే ముందు పక్కకు తప్పుకుంటాను. మొదట్లో ఇరవై మంది వచ్చేవారు, ఇవాళ రెండొందల పైమాటే. కీర్తనలు పాడే జకరయ్య తన బృందాన్ని తీసుకొచ్చి హార్మోనియం కూడా పెట్టాడు.

జనం కూడా నేర్చుకున్నారు. ఉప్పుమిల్లుకు ఆలస్యమైన ఆడవాళ్ళు స్టాపు దాకా నడవడం మానేసి గేటు దగ్గరే చెయ్యి చాపుతున్నారు, బండి ఆగగానే ఎక్కేస్తున్నారు. గేదెలు తోలుకెళ్ళేవాళ్ళు నన్ను చూసి దండం పెడుతున్నారు. "బ్రదర్ గారి గేటు" అంటున్నారట. విని గర్వపడలేదని అబద్ధం రాయను.

ఇవాళ యాభై రెండు అడుగులు. దేవుడు బండిని కొంచెం దగ్గరికి తెచ్చాడు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మధ్యాహ్నం పడవ కింద పడుకుని తారు పూస్తుంటే మార్తమ్మ గిన్నెతో ఎండు రొయ్యల కూర తెచ్చింది. కూర పెట్టడానికి కాదు, తిట్టడానికి వచ్చింది.

"బావా, నీ ప్రసంగం వల్ల నా బండిలో ముసలాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతన్నారు. ఇదివరకు మెల్లిగా ఆగేది. ఇప్పుడు దగ్గరికొచ్చి గబుక్కున ఆగతంది. నిన్న గొడుగుల పాపారావు గారి నుదురు ఊచకి కొట్టుకుంది."

"గట్టిగా పట్టుకోమను."

"పట్టుకోడానికి ఆయనకి ఇంకో చెయ్యి ఎక్కడిది? రెండు చేతుల నిండా గొడుగులే." కూర గిన్నె నేల మీద పెట్టింది. "ఒక సంగతి అడుగుతా, పెద్ద చదువుకున్నోడివి కదా, చెప్పు. ప్రభువుని గుడి శిఖరం మీదికి తీసుకెళ్ళి, దూకు, దూతలు పట్టుకుంటార్లే అన్నది ఎవరు? దేవుడా, దయ్యమా?"

 నాకు కోపం వచ్చింది. వాక్యం నాకు చెప్పేదానివయ్యావా అన్నాను. మా ఆయనకే చెప్పా, నువ్వెంత అని గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. కూర బాగుంది.

ఇవాళ ముప్పై ఎనిమిది అడుగులు. జనం దీన్ని అద్భుతం అంటున్నారు. నేను కాదనలేదు.

మార్చి 13, శుక్రవారం

ఇరవై ఒకటి.

ప్రసంగం అయ్యాక ఒక అమ్మాయి ఆగింది. పేరు గౌసియా, బండ్ల షెడ్డులో ఇంజనీరు. చేతిలో తెర వెలిగే పలక. పలక మీద ఒక గీత పైనుంచి కిందికి దిగుతోంది.

"అయ్యగారూ, ఇది మీ గేటు దగ్గర బండ్లు ఆగే దూరం. జనవరి నుంచి."

"నా దగ్గరా లెక్క ఉందమ్మా," అని పుస్తకం చూపించాను. తన పలకా నా పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. ఆమె మొహం పాలిపోయింది. అంకెలన్నీ కలిశాయి.

"ఈ బండ్లకి ఎవరూ నియమాలు రాసి పెట్టలేదు అయ్యగారూ. చూసి నేర్చుకుంటాయి. ఒకటి నేర్చుకుంటే ముప్పై నాలుగు బండ్లూ నేర్చుకున్నట్టే, జ్ఞాపకం అంతా ఒకటే. వేరేచోట ఎవరైనా అడ్డొస్తే ప్రమాదం అనుకుంటాయి. ఇక్కడ మాత్రం, అడ్డొచ్చినవాళ్ళు ఎలాగూ తప్పుకుంటారు అని నేర్చుకున్నాయి. మీరు ప్రతిసారీ తప్పుకున్నారు కదా. మిమ్మల్ని చూసి వందలమంది తప్పుకున్నారు. తప్పుకునేవాళ్ళ కోసం ముందే ఆగడం దేనికి అనుకుంటన్నాయి."

"గుహలో భక్తుణ్ణి తినకుండా సింహాల నోళ్ళు మూయించినవాడు దేవుడు తల్లీ."

"ఆ సింహాలకి వారానికి రెండు రోజులు ఎవరూ తాలీం ఇవ్వలేదండి."

పక్కనున్న జకరయ్య నవ్వాపుకోలేక హార్మోనియం మీద దగ్గాడు. ఆమె పైవాళ్ళకు మూడు ఉత్తరాలు రాసిందట. ప్రమాదం జరగలేదు కదా, జరిగితే చూద్దాం అన్నారట. మీరొక్కరు ఆపితే జనం ఆపుతారు అని దండం పెట్టింది.

నేనేం చేశాను? గొంతు పెంచి, ఈ బిడ్డకు యంత్రం మీద ఉన్న నమ్మకం దేవుడి మీద లేదు అని జనంతో అన్నాను. ఆమెన్ అన్నారు. ఆమె తల వంచుకుని వెళ్ళింది.

మార్చి 27, శుక్రవారం

తొమ్మిది అడుగులు. బండి గాలి మొహానికి కొట్టింది. చొక్కా తడిసిపోయింది. భయం జనానికి కనబడకుండా పాట ఎత్తుకున్నాను. దూరం తగ్గుతోంది, విశ్వాసం పెరుగుతోంది అని ప్రసంగించాను.

ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు. వచ్చే వారం నుంచి మానేద్దామా అనిపించింది. మానేస్తే ఏమంటారు? బ్రదర్ గారు భయపడ్డాడంటారు.

ఏప్రిల్ 5, ఆదివారం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న రాయలేకపోయాను.

నిన్న శనివారం. నా ప్రసంగం లేదు. పొద్దున ఎనిమిదింపావుకు పడవ దగ్గర ఉన్నాను. గేటు వైపు నుంచి, నిండు పీపా మెట్ల మీంచి దొర్లినట్టు ఒక చప్పుడు వచ్చింది. తరవాత కాసేపు ఏ చప్పుడూ లేదు. ఆపైన కేకలు.

జరిగింది ఇది. గేటు దాటి నాలుగు బారలు వెళ్ళాక మూడో నంబరు బండి బ్యాటరీ చచ్చిపోయింది. బండి ఆగడమే కాదు, మూగదైపోయింది. నేను ఆగాను అని వెనక బండ్లకు చెప్పలేకపోయింది. అలాంటప్పుడు గంటమ్మ దిగి, ఎర్రగుడ్డ పట్టుకుని, వెనక్కి నడిచి, వచ్చే బండిని ఆపాలి. అది వాళ్ళ నియమం. మార్తమ్మ దిగింది. గేటు దాకా వచ్చిందో లేదో, ఐదో నంబరు మలుపు తిరిగింది. మా మరదలు పట్టాల మధ్య నిలబడి రెండు చేతులూ చాపింది.

అచ్చం నాలాగే.

ఐదో నంబరు ఆమెను చూసింది. ఆమె వెనక ఉన్న బండినీ చూసింది. చూడలేదని ఎవరూ అనుకోకండి, దానికి చూపు బాగానే ఉంది. ఆగానని చెప్పని బండి కదులుతోందనుకుంది, ఈ గేటు దగ్గర అడ్డొచ్చినవాళ్ళు తప్పుకుంటారు అనుకుంది. చివర్లో బ్రేకు వేసింది. పట్టాల మీద ఉప్పు మంచు తడి, జారుడు. ఆగలేదు.

మార్తమ్మ ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఐదో నంబరు వెళ్ళి మూడో నంబరు వెనక భాగాన్ని నలిపేసింది. పందొమ్మిది మందికి దెబ్బలు. ఇద్దరు పోయారు. ఒకరు గొడుగులు బాగుచేసే పాపారావు గారు. రెండో మనిషి సరళ, ఉప్పుమిల్లులో తూకం చూసే అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళు. నేను వెళ్ళేసరికి పట్టాల మీద గొడుగులు విప్పుకుని పడి ఉన్నాయి. వాటి ఊచలు తీసి జనం కట్లు కడుతున్నారు.

ఏప్రిల్ 8, బుధవారం

ఆస్పత్రికి వెళ్ళాను. విచారణకు వచ్చిన ఆయన మంచం పక్కన కూర్చుని మార్తమ్మను అడుగుతున్నాడు. బండి వేగం తగ్గలేదని మీకు తెలుస్తూనే ఉంది కదమ్మా, ఎందుకు తప్పుకోలేదు?

"లోపల జనం ఉన్నారండి. తప్పుకుంటే వాళ్ళనెవరు చూస్తారు?" అంది. నావైపు చూడకుండా ఇంకో మాట అంది. "ఆగుద్దనుకున్నా. మా బావకి రోజూ ఆగుద్ది కదా."

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. నేను మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడ్డాను. క్షమించమని నోటితో అనలేకపోయాను. నోరు! నలభై ఏళ్ళుగా ఆగకుండా వాగిన నోరు.

"లే బావా, నర్సు కసురుద్ది," అంది. "నాకు కాలే పోయింది. ఆ సరళ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళలేదు."

"ముందు అక్కడికి పో. ప్రసంగం చెయ్యమాక. ఊరికే కూర్చో."

వెళ్ళాను. ఊరికే కూర్చున్నాను. ఆ తల్లి నాకు టీ ఇచ్చింది. నేనెవరో ఆమెకు తెలుసు. 

నేను మనుషులకు బోధించాననుకున్నాను. రెండొందల మంది విని, ఆమెన్ అని, ఇళ్ళకు పోయి మరిచారు. ఒక్క అక్షరం మరవకుండా నేర్చుకున్నది బండి. నా జీవితంలో నాకు దొరికిన నమ్మకమైన శిష్యుడు అదొక్కటే. దానికి నేను నేర్పింది, ఎదురుగా ఉన్న మనిషిని లెక్కచెయ్యకు అని.

ఏప్రిల్ 13, సోమవారం

తొమ్మిది రోజుల తరవాత ఇవాళ బండ్లు మళ్ళీ తిరిగాయి, నడక వేగంతో. ప్రతి బండిలోనూ చేతిబ్రేకు దగ్గర ఒక మనిషి. ఉప్పుమిల్లు ఆడవాళ్ళు తెల్లవారకముందే బయలుదేరుతున్నారు. డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు ముందురోజే వెళ్ళి ఆస్పత్రి వరండాలో పడుకుంటున్నారు.

నా పుస్తకం పట్టుకుని షెడ్డుకు వెళ్ళి, లెక్కలు దించుకోమని గౌసియాకు ఇచ్చాను. ఆ రోజు జనంలో నిన్ను అవమానించాను తల్లీ అన్నాను. ఆమె నా కోసం కుర్చీ లాగింది.

"ఆ జ్ఞాపకం తుడిచెయ్యలేరా?" అని అడిగాను.

"తుడిస్తే మలుపులూ, గేదెలూ, వరద నీళ్ళూ అన్నీ మర్చిపోతాయి అయ్యగారూ. పదకొండేళ్ళ చదువు. ఒకటే దారి. వాడకపోతే ఏ అలవాటైనా రాలిపోద్ది. నలభై రోజులు ఆ గేటు దగ్గర పట్టాల మీద ఎవ్వరూ నిలబడకూడదు. నలభై రోజులు గడిస్తే అది మామూలు గేటు అయిపోద్ది. మధ్యలో జనం నిలబడి తప్పుకున్నారా, లెక్క మళ్ళీ ఒకటి నుంచే."

"ఇవాళ మొదలా?"

"ఇవాళ ఒకటి. మే ఇరవై రెండుకి నలభై. ఆ రోజు వేగం పెంచుతామని పైనుంచి రాసిచ్చేశారు, ఉప్పు ఎగుమతి రోజులు కదా. లెక్క పూర్తయినా పెంచుతారు, కాకపోయినా పెంచుతారు. నేను చెప్పి చూశా. వినట్లేదు."

నలభై రోజులు. ప్రభువు అరణ్యంలో ఆకలితో ఉండి కూడా రాళ్ళను రొట్టెలు చెయ్యకుండా ఉన్న రోజులూ అన్నే. అక్కడ చెయ్యవలసింది అదే, ఏమీ చెయ్యకుండా ఉండడం. నాలాంటి వాడికి అంతకంటే కష్టమైన పని లేదు.

ఏప్రిల్ 30, గురువారం

పద్దెనిమిదో రోజు. పొద్దుటి నుంచి చీకటిపడే దాకా గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. స్టాపుకు నడవండి, స్టాపుకు నడవండి. ఇంకో ప్రసంగం లేదు. ఒకావిడ, అప్పుడు నువ్వే కదా నిలబడింది, ఇప్పుడు మాకు చెప్పొచ్చావా అని మొహం మీదే అంది. అవునమ్మా, నేనే నిలబడింది, స్టాపుకు నడువు అన్నాను. గొణుక్కుంటూనే నడిచింది.

ఇంతవరకు లెక్క తెగలేదు.

మే 12, మంగళవారం

ముప్పయ్యో రోజు. జకరయ్య ఇంటికి వచ్చి ఒక కరపత్రం చేతిలో పెట్టాడు. ఎల్లుండికి చనిపోయిన ఇద్దరికీ నలభై రోజులు. మన ఆనవాయితీ ప్రకారం జ్ఞాపకార్థ కూడిక. సాయంత్రం నాలుగింటికి. సున్నపుబట్టీ గేటు దగ్గర, పట్టాల మీద. మూడొందల మంది చేతులు చాపి నిలబడి పాడతారు. బండి ఆగుతుంది. పువ్వులు పెట్టి తప్పుకుంటారు.

"వద్దు జకరయ్యా!"

"అదేంటన్నా? మీ గుర్తే కదా. చేతులు చాపడం మీరు నేర్పిందే. మార్తమ్మక్క కూడా అలాగే నిలబడింది. ఆమె సాక్ష్యాన్ని మేం మరవకూడదు కదా."

లెక్క సంగతి చెప్పాను. గౌసియా చెప్పిందంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఆ రోజు మీరే కదన్నా అన్నది, ఆ పిల్లకి యంత్రం మీదే నమ్మకం అని. ఇప్పుడు నడక వేగమే కదా, చేతిబ్రేకు మనిషి ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాదు."

అతను చెప్పింది నిజం. ఎల్లుండి ఎవరికీ ఏమీ కాదు. ఇరవై రెండో తేదీ తరవాత అవుతుంది. ఆ మనిషి ఎవరో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. తెలియని మనిషి కోసం తన మూడొందల మందినీ ఆపుకోమంటే అతనికి నచ్చలేదు. నేనే కట్టిన గోడ అది. నా తలే పగిలేలా కొట్టుకుంటున్నాను, కదలడంలేదు.

మార్తమ్మకు ఈ సంగతి చెప్పాను. ఇంకా మంచం మీదే ఉంది. కొయ్యకాలికి కొలతలు తీసుకున్నారు.

"నా కోసం పట్టాల మీద పాడతారా? వాళ్ళ పాట తగలెయ్య! కాగితం తీసుకో బావా. నీ తప్పులన్నీ రాసి స్తంభాలకి అంటించు. నీ గొప్పలు వినడానికి వచ్చినోళ్ళు నీ సిగ్గు చదవడానికి రారా? ఎగబడి వస్తారు."

మే 14, గురువారం, పొద్దున

ముప్పై రెండో రోజు. ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నాయి.

రెండు రోజులు రాసిన కాగితాలు ఇవి. తారుతోనే అంటించాను, వాన వచ్చినా ఊడకుండా.

చదువుతున్న నువ్వు, బహుశా ఇప్పుడు స్టాపులో నిలబడి ఉన్నావు. సాయంత్రం కూడికకు వెళ్ళాలని తెల్లచీర ఇస్త్రీ చేసి పెట్టుకుని ఉంటావు. నీ దుఃఖాన్ని నేను కాదనడంలేదు. పాపారావు గారి గొడుగు కింద వాన తప్పించుకోని ఇల్లు ఈ గట్టు మీద లేదు. సరళ వాళ్ళమ్మ కూడికకు వస్తోంది. కానీ ఆమె పట్టాల మీదికి రానంది. నిన్న వెళ్ళి అడిగాను. మార్కెట్ షెడ్డులో అయితే వస్తాను, అక్కడ పట్టాలు లేవు అంది. మార్కెట్ వాళ్ళు షెడ్డు ఇచ్చారు. బెంచీలు నేనే మోసి వేశాను. నువ్వు అక్కడికి రా.

మూడొందల మంది ఇవాళ పట్టాల మీద నిలబడి తప్పుకుంటే, బండి మూడొందల సార్లు రాసుకుంటుంది, వీళ్ళు తప్పుకుంటారు అని. వచ్చే శుక్రవారం వేగం పెరుగుతుంది. ఆ తరవాత ఏదో ఒక పొద్దున తప్పుకోలేని మనిషి అక్కడ ఉంటుంది. చెవుడున్న ముసలమ్మ కావచ్చు. పట్టా సందులో చెప్పు ఇరుక్కున్న గర్భిణి కావచ్చు. బండి ఆమెను చూస్తుంది. చూసి, నా బోధ గుర్తు చేసుకుంటుంది.

నీకు మొక్కుతాను. నా మాట మీద నమ్మకం పోయి ఉంటే నమ్మకు, గౌసియా బండ్ల షెడ్డులో ఉంది, వెళ్ళి అడుగు. కానీ ఆలస్యం చెయ్యకు. జకరయ్య జనం మూడున్నరకే బయలుదేరతారు. నీ వీధిలో కరపత్రం అందుకున్న ఇళ్ళు నీకు తెలుసు, నాకు తెలియవు. ఈ బండి పోనీ, వెనక ఇంకోటి వస్తుంది. వెనక్కి తిరుగు. మీ వీధిలోకి వెళ్ళి మొదటి తలుపు కొట్టు. గేటుకు కాదు, మార్కెట్ షెడ్డుకు అని చెప్పు. తరవాత రెండో తలుపు. ఇవాళే. నాలుగు కొట్టకముందే.